రూపాయికి పావలా

విశ్వాసం బూడిద గిత్త ముందరి కాలు ఎత్తి తన మోకాలి మీద పెట్టుకుని, గిట్టల సందున ఇరుక్కున్న గులకరాళ్లను వెదురుపుల్లతో ఒక్కొక్కటే పెకలించి తీస్తున్నాడు. గిత్త తన బరువు సగం అతని వీపు మీద వాల్చేసి తీరిగ్గా నెమరు వేస్తోంది. మార్కాపురం ఊరి బయట, పలకల గనులకు పోయే దారి పక్కనున్న బీడు అది. మొన్నటిదాకా మేకలు మేసిన ఆ బీడును చదును చేసి, నీళ్లు చల్లి, రెండు వైపులా మోకులు కట్టారు. ఒక కొసన బండ పడి ఉంది. దాన్ని లాగడానికి కర్నూలు జిల్లా తూర్పు తాలూకాల నుంచి ఎద్దుల జతలు వచ్చి, వేపచెట్ల కింద, బండ్ల నీడన, ఎక్కడ చోటు దొరికితే అక్కడ కట్టి ఉన్నాయి.

కాలు దించి, గిట్ట చుట్టూ వేళ్లతో తడిమి చూశాడు. వేడి లేదు, వాపు లేదు. రెండో కాలు ఎత్తాడు. పోటీ ఉందని చేస్తున్న పని కాదు ఇది. బేస్తవారిపేటలో సావుకారు హనుమంతరావు కొట్టంలో, పొద్దున లేచి ఈ బూడిద గిత్తా, దాని జోడు నల్లకొమ్మూ, రెండింటి గిట్టలూ చూసుకోనిదే అతను ముఖం కడుక్కోడు.

యాభై దాటిన మనిషి. పొడుగు. ఒళ్లంతా ఎముకలూ నరాలే, పిక్కలు మాత్రం ఇంకా బిగువు తప్పలేదు. ఎడమ కాలికి చిటికెన వేలు లేదు. వయసులో ఉండగా ఒకసారి బండ కిందికి పోయింది. మాట్లాడితే పక్కనున్నవాడికి కూడా సరిగా వినపడదు గానీ, బండ కదిలే వేళ ఎద్దులను అదిలిస్తే ఆ గొంతు బీడు ఆ చివర దాకా పోతుంది. "హోయ్ నాయనా, హోయ్ నాయనా" అంటూ చెర్నాకోల గాల్లో తిప్పుతూ వాటి పక్కన పరిగెత్తుతాడు. కోలను వాటి ఒంటికి తగలనివ్వడు. ఆ గొంతు వింటేనే అవి మెడలు వంచుతాయని చుట్టుపక్కల ఊళ్లలో అందరూ చెప్పుకుంటారు.

పదేళ్లప్పుడు హనుమంతరావు తండ్రి దగ్గర పశువులు కాయడానికి చేరాడు. ఆ పెద్దసావుకారు పోయాడు, ఆయన కొడుకు సావుకారయ్యాడు, శెనక్కాయల అంగడి పక్కన నూనె మిల్లు లేచింది, దేశానికి స్వరాజ్యం వచ్చింది, తెలుగువాళ్లకు రాష్ట్రం వచ్చింది. విశ్వాసం ఆ కొట్టంలోనే ఉన్నాడు. ఆదివారం పూట పల్లెలో ప్రార్థనకు పోయి వచ్చేవాడు. పెళ్లి చేసుకున్న ఎలీషబా పల్లెలో ఉండేది, అతను రాత్రులు ఎద్దుల దగ్గర ఉండేవాడు. వాళ్లకు పుట్టిన ఒక్క పిల్లా జ్వరమొచ్చి పోయింది. దాని గురించి ఇద్దరూ మాట్లాడుకోరు.

ఈ మధ్య అతనికి ఆయాసం పట్టుకుంది. నీళ్ల కావడి దించాక కాసేపు గోడ పట్టుకుని నిలబడవలసి వస్తోంది. పోయిన నెలలో కొట్టంలోనే కళ్లు తిరిగి పడ్డాడు. అప్పుడు సావుకారే స్వయంగా బస్సెక్కించి మార్కాపురం తీసుకొచ్చి, ఒక డాక్టరుకు చూపించాడు. డాక్టరు గొట్టం పెట్టి ముందూ వెనకా చాలాసేపు విన్నాడు. తర్వాత సావుకారును పక్క గదిలోకి తీసుకుపోయి మాట్లాడాడు. బయటికొచ్చి సావుకారు, "గ్యాసంట రా. మాత్రలిచ్చినాడు, వేసుకో" అన్నాడు. బస్సులో తన పక్క సీట్లోనే కూర్చోబెట్టుకున్నాడు కూడా. ఆ సంగతి విశ్వాసం పల్లెలో కనపడిన ప్రతివాళ్లకూ చెప్పాడు.

మాత్రలు పంచె కొంగున మూటగట్టి ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకుని, ఎద్దుల తొట్టిలో నీళ్లే దోసిట్లో పట్టి తాగాడు.

బావమరిది ఏబేలు టీ తాగి వచ్చాడు. పాతికేళ్లవాడు, పోటీలప్పుడు విశ్వాసానికి తోడుగా వస్తుంటాడు. ముఖం మాడ్చుకుని ఉన్నాడు.

"బావా, మన గిత్తలకు పావలా అంట. కొమరోలోళ్ల జతకు మూడు రూపాయలంట. చూసినావా వాళ్లకెంత పలుకుబడో."

"ఎవరన్నారు?"

"సోడా సుబ్బయ్య. పందేలు వాడే గదా కట్టించుకునేది."

విశ్వాసం చేతిలో పుల్ల ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా పోటీలకు వస్తున్నాడు గానీ పందేల జోలికి ఎప్పుడూ పోలేదు. పాస్టరు గారు పాపమన్నాడు, అదొకటి. బండ కదిలాక తనకు ఇంకేమీ వినపడదు, అది ఇంకొకటి. కానీ తన గిత్తలను పావలాకు కట్టారంటే మనసు చివుక్కుమంది. ఏబేలును కాపలా ఉంచి, చేతులు పంచెకు తుడుచుకుంటూ పోయాడు.

సుబ్బయ్య మిగతా రోజుల్లో మార్కాపురం బస్టాండు దగ్గర గోలీసోడాలు అమ్ముతాడు. పోటీల రోజున మాత్రం ఒక గోనెపట్టా పరుచుకుని కూర్చుంటాడు. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ చెమట పట్టి ఉంటాడు. కొత్త పైసలొచ్చి ఏడాది దాటినా అతని లెక్క ఇంకా అణాల్లోనే. విశ్వాసాన్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఏంది విశ్వాసం, ఇటొచ్చినావు?"

"సుబ్బయ్యన్నా, నా గిత్తలు పావలాకు కూడా తూగలేదా నీకు?"

సుబ్బయ్య ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వాడు.

"అయ్యో పిచ్చోడా. పావలా అంటే నీ ఎద్దుల ఖరీదనుకున్నావా? విను. నువ్వు గెలుస్తావని ఒకడు రూపాయి పెడతాడు. నువ్వు గెలిస్తే వాని రూపాయి వానికిచ్చి, పైన పావలా ఇస్తా. కొమరోలు గెలుస్తుందని పెట్టినోనికి, అవి గెలిస్తే, పైన మూడు రూపాయలిస్తా."

"వాళ్లకే గదా ఎక్కువ?"

"గెలవరనే గదా ఎక్కువ. గెలవనిదాని మీద ఎవడు పెడతాడు? మూడు రూపాయలు చూపిస్తే ఆశపడి నలుగురు పెడతారు. నీ మీదంటావా, పావలా ఇస్తానన్నా ఎగబడుతుండారు."

విశ్వాసం గోనె మీద వేలితో గీతలు గీస్తూ ఆలోచించాడు. "అంటే ఎంత తక్కువిస్తే అంత నమ్మకమన్నమాట."

"అంతే."

"నీకూ మా మీదే నమ్మకమా?"

"నాకు నమ్మకం లేదు, గిమ్మకం లేదు. నేను ఎద్దుల ముఖం కూడా చూడను. డబ్బు ఎటు పోతుందో అదే చూస్తా. ఒకవైపే వచ్చి పడుతుంటే అటు రేటు తగ్గిస్తా, రెండోవైపు పెంచుతా. అప్పుడు జనం రెండోవైపుకు మళ్లుతారు. ఎవరు గెలిచినా ఓడినోళ్ల డబ్బులోంచే గెలిచినోళ్లకు ఇయ్యాల. మధ్యలో నాకు నాలుగు రాళ్లు మిగలాల. ఆ రేటు నేను కట్టిందనుకుంటారు గానీ, కట్టేది జనమే."

విశ్వాసం లేచాడు. తిరిగి వస్తుంటే దారి పొడుగునా జనం తనవైపు చూస్తున్నట్టు అనిపించింది. ఇంతమంది, ఊరూ పేరూ తెలియని వాళ్లు, చెమటోడ్చి సంపాదించిన రూపాయి తన మీద పెట్టారు. పావలా వస్తే చాలనుకున్నారు. అతనికి జీవితంలో ఎవరూ ఏ వెలా కట్టలేదు. ఇప్పుడు కట్టారు, అదీ ఇంత తక్కువగా. బూడిద గిత్త గంగడోలు నిమురుతూ, "పావలానే మనకు, తెలుసునా" అన్నాడు దానితో. ఏబేలుకు కూడా వివరించబోయి, సగంలో తికమకపడి ఆపేశాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఎలీషబా సంగటి మూట, మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చింది. పల్లె నుంచి ఆడవాళ్లంతా కలిసి బస్సులో వచ్చారు. ఎలీషబా చిన్నమనిషి, మాట మాత్రం గట్టిది. బండి చక్రానికి ఆనుకుని కూర్చుని, అతను తినేదాకా చూస్తూ చెప్పింది.

"పల్లెలో ఒక్క ఇల్లు మిగల్లేదు, అందరూ నీ మీదే పెట్టినారు. పాపమ్మవ్వ మేకపిల్లను అమ్మి ఆ డబ్బు తెచ్చింది. వద్దవ్వా అంటే, ఇశ్వాసం పరిగెత్తుతుంటే నాకు భయమేంది అంటాది."

పాపమ్మకు ఆ మేకపిల్ల తప్ప ఏమీ లేదు. విశ్వాసం చేతిలోని ముద్దను మూటలోనే పెట్టేశాడు. మజ్జిగ తాగి, "బాగానే లాగుతాయి లే" అన్నాడు.

చిన్న జతలు లాగడం అప్పటికే మొదలైంది. మైకులో ఎవరో ఊరి పేర్లు చదువుతున్నారు. ఏబేలు చూసి వస్తానని పోయి, పరుగు పరుగున వచ్చాడు.

"బావా, రేటు మారింది. మనకు రూపాయిన్నర ఇస్తానంటుండాడు. కొమరోలుకు అర్ధరూపాయే. పొద్దున పావలా, ఇప్పుడు రూపాయిన్నర. ఎక్కువైంది గదా, మంచిదే గదా?"

పొద్దున అయితే విశ్వాసం కూడా మంచిదే అనుకునేవాడు. ఇప్పుడు అనుకోలేదు. తింటున్న చెయ్యి కడుక్కుని లేచాడు. బూడిద గిత్త నోరు తెరిచి నాలుక చూశాడు. పేడ చూశాడు. చెవి మొదట్లో వేళ్లుపెట్టి వేడి చూశాడు. నల్లకొమ్ము తొడల మీద అరచేతితో తట్టి, అది తోక ఎట్ల విసురుతుందో చూశాడు. తొట్టిలో నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. ఉలవలు వాసన చూశాడు. అన్నీ పొద్దున ఎట్లున్నాయో అట్లనే ఉన్నాయి. కొమరోలు జత వైపు నడిచి, దూరం నుంచి వాటిని చూశాడు. అవి కూడా పొద్దున ఉన్నట్టే ఉన్నాయి.

సుబ్బయ్య ఈసారి నవ్వలేదు. చుట్టూ ఉన్నవాళ్లు కాస్త పలచబడేదాకా ఆగి, గొంతు తగ్గించి అన్నాడు.

"నేనే నిన్ను అడగాలనుకుంటుండా. నీ ఎద్దులకేమన్నా అయిందా?"

"ఏం కాలేదన్నా. ప్రమాణంగా."

"కొమరోలు మీద పెద్ద డబ్బు పడింది. నలుగురి చేతుల మీదుగా వచ్చింది. నలుగురి వెనకా ఉండేది ఒక్క చెయ్యే, అది నాకు తెలుస్తుంది. పెట్టినోళ్లు కొమరోలోళ్లు కాదు. ఊరికే ఆశపడి పెట్టే డబ్బు కాదది. ఏదో తెలిసినోడు పెట్టినాడు. తెలిసినోని డబ్బు వచ్చిందంటే నేను రేటు మార్చక తప్పదు."

"ఏం తెలిసింటుంది?"

"అది నాకెట్ల తెలుస్తుంది? తెలిసిందంతా నలుగురికీ తెలిస్తే దానికి విలువేముంది? నలుగురికీ తెలియనిది ఒక్కనికే తెలిస్తేనే గదా డబ్బులు."

"ఎవరన్నా ఆ ఒక్కడు?"

సుబ్బయ్య మరొకసారి చుట్టూ చూశాడు. గోనె కింద నుంచి ఒక నోటు తీసి, ఊరికే చూసినట్టు చూసి, విశ్వాసం ముక్కుకు దగ్గరగా పట్టుకున్నాడు. "ఇంతకుమించి నేను చెప్పకూడదు" అన్నాడు.

నోటు శెనక్కాయల చెక్క వాసన కొట్టింది. ఆ వాసన విశ్వాసానికి నలభై ఏళ్లుగా తెలుసు. రోజూ ఎద్దులకు ఆ చెక్కే నానబెడతాడు. మిల్లులో గల్లాపెట్టె తీసినా అదే వాసన.

"ఎద్దులకేం కాలేదు గదన్నా" అన్నాడు మళ్లీ, ఎవరినో బతిమాలుతున్నట్టు.

"రేటు ఎద్దులకే కాదు విశ్వాసం. తోలేటోనికి కూడా. నీ జతను నువ్వు కాకుండా ఇంకొకడు తోలితే పందెమే చెల్లదు. ఎవరి డబ్బు వాళ్లకు తిరిగి ఇచ్చేస్తా. నువ్వు కాడి కట్టి ఒక్క అడుగు వేసినావంటే మాత్రం, పడినా లేచినా పందెం పందెమే."

సుబ్బయ్య మామూలుగానే చెప్పాడు, తన వ్యాపారంలో ఉండే కట్టుబాటు చెప్పినట్టు. చెప్పి, ఇంకెవరో పిలిస్తే అటు తిరిగాడు. విశ్వాసం అక్కడే నిలబడిపోయాడు.

ఎద్దులు మారలేదు. బండ మారలేదు. నేల మారలేదు. ఇవి తనకు తెలుసు. సావుకారుకు మాత్రమే తెలిసింది, తనకు తెలియనిది ఇంకేముంటుంది? ఎద్దుల గురించి తనకు తెలియకుండా సావుకారుకు తెలిసేది ఏదీ ఉండదు. ఒకదాని తర్వాత ఒకటి తీసేసుకుంటూ పోతే చివరికి తనే మిగిలాడు.

అతనికి పక్క గది తలుపు కనపడింది. తలుపు వెనక డాక్టరు గొంతు, మధ్య మధ్య ఇంగ్లీషు ముక్కలు. సావుకారు "ఊఁ, ఊఁ" అనడం. బయటికొచ్చినప్పుడు సావుకారు తన ముఖం కేసి చూడకుండా చెప్పులు వెతుక్కోవడం. బస్సులో పక్కన కూర్చోబెట్టుకోవడం.

అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. లోపల అది కొట్టుకుంటోంది. ఎప్పటిలాగే కొట్టుకుంటోందో, లేదో అతనికి తెలియలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని విన్నవాడు కాదు.

హనుమంతరావు టార్పాలిన్ నీడలో మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కనే ఆయన బావమరిది లక్ష్మీనరసయ్య, మిల్లు లెక్కలు చూసే మనిషి, తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. విశ్వాసం ఎండలోనే నిలబడ్డాడు.

"ఏం రా, గిత్తలెట్ల ఉండాయి?"

"బాగుండాయయ్యా. ఆ డాక్టరు నాకేముందని చెప్పినాడు?"

"గ్యాసని చెప్పినా గదరా."

"గ్యాసుకు రేటు మారదు గదయ్యా."

లక్ష్మీనరసయ్య వేలు ఆకు మీద ఆగింది. హనుమంతరావు కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు. ఆయన చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. పండక్కి పంచె పెడతాడు, జ్వరమొస్తే కషాయం పంపిస్తాడు. ఈ రెండేళ్లూ శెనక్కాయల ధర పడిపోయి మిల్లు మీద చాలా పోగొట్టుకున్నాడని కూడా అందరికీ తెలుసు. ఎదురుగా ఉన్న గోనెపట్టా చూపించి, "కూర్చో రా" అన్నాడు.

నలభై ఏళ్లలో ఆ ఇంటివాళ్లు అతన్ని తమ ఎదుట కూర్చోమనడం అదే మొదటిసారి. విశ్వాసం ఆ పట్టా వైపు చూశాడు. అడగాల్సిన దానికి జవాబు ఆ మాటలోనే దొరికిపోయింది. కూర్చోలేదు.

"గుండెలో తలుపు మాదిరి ఒకటి ఉంటుందంట. అది సరిగ్గా మూసుకుంటలేదంట నీకు" అన్నాడు హనుమంతరావు.

"పరిగెత్తితే?"

"పరిగెత్తొద్దనే చెప్పినాడు. వాళ్లు అన్నీ అట్లనే చెప్తారు లే. ఇన్నాళ్లూ నువ్వు పరిగెత్తింది ఆ గుండెతోనే గదా."

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తే బెదురుతావని..."

"చెప్తే ఊరంతా తెలుస్తుంది" అన్నాడు లక్ష్మీనరసయ్య, ఆకు మడుస్తూ. శెనక్కాయల ధర గురించి మాట్లాడినంత మామూలుగా అన్నాడు. "తెలిస్తే కొమరోలు మీద మూడు రూపాయలు ఎవడిస్తాడు?"

హనుమంతరావు బావమరిది వైపు కోపంగా చూశాడు గానీ కాదనలేదు.

విశ్వాసానికి కాసేపు మైకు గొంతు తప్ప ఏమీ వినపడలేదు. ఆ తర్వాత తన గొంతే ఎవరిదో అన్నట్టు వినపడింది.

"నేను పడిపోతానని మీరు డబ్బు పెట్టినారు."

"పడిపోతావని కాదు రా. గెలవవని. అంతే." హనుమంతరావు గొంతులో బతిమాలే జీర ఉంది. "నీకేమన్నా అయితే ఎలీషబాను వదిలేస్తానా? అదీ అనుకునే ఉండాము. దానికి వేరే తీసి పెట్టినాము."

దానికి వేరే తీసి పెట్టినాము. ఆ మాట అర్థమయ్యేసరికి విశ్వాసం కళ్ల ముందు బీడు ఒకసారి పక్కకు ఒరిగి మళ్లీ నిలబడింది. వాళ్లిద్దరూ కూర్చుని, ఆకు వేసుకుంటూ, తను పడిపోయాక ఏం చెయ్యాలో కూడా మాట్లాడుకున్నారు. ఏ సాయంత్రమో. తను బయట ఎద్దులకు చెక్క నానబెడుతూ ఉండి ఉంటాడు.

"సరేనయ్యా" అన్నాడు. అలవాటు మీద వచ్చిన మాట అది. తిరిగి నడిచాడు.

మైకులో పేరు పిలిచారు. బేస్తవారిపేట జత, తోలేవాడు విశ్వాసం. మోకుల వెంబడి జనం కదిలారు. ఏబేలు గిత్తలను బండ దగ్గరికి నడిపించుకొచ్చి, కాడి ఎత్తడానికి బావ కోసం చూస్తున్నాడు. ఆడవాళ్ల గుంపు ముందు పాపమ్మ నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.

ఆ క్షణాన తను పాపమ్మ గురించి ఆలోచించానని విశ్వాసం తర్వాత ఎప్పుడూ చెప్పుకోలేదు. సావుకారు మీద పగ పట్టానని కూడా చెప్పలేదు. బండ వైపు వెయ్యవలసిన కాలు పడలేదు, అంతే. భయమేసింది. ఇన్నేళ్లుగా ఎదురుగా ఉన్న ఆ బండ ఇవాళ కొత్తగా, తన కోసమే తెచ్చిపెట్టినట్టుగా కనపడింది. బూడిద గిత్త అతన్ని చూసి చెవులు ముందుకు తిప్పింది.

చెర్నాకోల ఏబేలు చేతిలో పెట్టాడు.

"నువ్వు తోలు."

"నేనా? నీకేమైంది బావా?"

"గొంతు గట్టిగా పెట్టు. కొట్టొద్దు. నాయనా అను, అంటే వంగుతాయి." మోకు దాటి బయటికి వచ్చి, పంచాయతీ పెద్దల బల్ల వైపు చూసి, బండ దగ్గర వాడే ఆ పెద్ద గొంతుతో అన్నాడు. "నేను తోలడం లేదు. నా గుండె చెడిపోయిందంట. నా బామ్మర్ది తోలతాడు."

 సుబ్బయ్య గోనెపట్టా మీద నుంచి లేచి నిలబడి, అతని వైపూ, టార్పాలిన్ వైపూ మార్చి మార్చి చూశాడు. తర్వాత పెదవులు తడుపుకుని, తన మామూలు అరుపు అరిచాడు.

"తోలేటోడు మారినాడు. ఈ జత మీదా, కొమరోలు మీదా పెట్టినోళ్లు వచ్చి ఎవరి డబ్బు వాళ్లు తీసుకుపోండి."

జనం సణుక్కుంటూ, తిట్టుకుంటూ సుబ్బయ్య చుట్టూ మూగారు. పిరికోడన్నారు. ముసలోడైపోయినాడన్నారు. టార్పాలిన్ నీడలో హనుమంతరావు లేవలేదు. లక్ష్మీనరసయ్య ఆకు నోట్లో పెట్టుకోవడం మరిచి చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

ఎలీషబా అతని చెయ్యి పట్టుకుని గుంపులోంచి బయటికి లాక్కొచ్చింది. కోపంతో ఆమె ముఖం ఎర్రబడింది. "అందరి ముందర ఏంది ఆ మాటలు? గుండె చెడడమేంది? గ్యాసన్నారు గదా?"

బస్టాండుకు పోయే దారిలో చెప్పాడు. మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఎవరికో జరిగింది చెప్పినట్టు చెప్పాడు. రేటు సంగతి ఆమెకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పబోతే వద్దంది. సావుకారు తన కోసం వేరే తీసి పెట్టాడన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయి, దారి పక్కన దుమ్ములోనే కూలబడింది. ఏడవలేదు. అతని కాళ్ల వైపు, చిటికెన వేలు లేని ఆ పాదం వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది.

వెనక బీడులో పెద్ద కేక లేచింది. ఎవరి గెలుపుదో తెలియదు. ఇద్దరూ వెనక్కి తిరిగి చూడలేదు.

సంగతి మర్నాడు ఏబేలు చెప్పాడు. గిత్తలు కొమరోలు జతను దాటి లాగాయి. మొదట కొంచెం మొరాయించాయంట, ఏబేలు నాయనా అనేసరికి మెడలు వంచాయంట. చెబుతూ ఏబేలు సంతోషం దాచుకోలేక, మళ్లీ తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. విశ్వాసం గోడకు ఆనుకుని విన్నాడు. తను లేకున్నా లాగాయి. జనం తన మీద పెట్టిన నమ్మకమూ, సావుకారు పెట్టిన అపనమ్మకమూ, రెండూ తన మీదే. ఎద్దులు ఆ రెండింటినీ లెక్కచెయ్యలేదు. ఎక్కడో కొంచెం కలుక్కుమంది.

"మంచిదే" అన్నాడు. "కొట్టలేదు గదా?" అని అడిగాడు.

అతను మళ్లీ ఆ కొట్టానికి పోలేదు, సావుకారు పిలవనూ లేదు. ఏబేలును రమ్మని కబురు వస్తే, పొమ్మని విశ్వాసమే చెప్పాడు. ఎద్దులు నిన్నెరిగినాయి, పో అన్నాడు. ఒకసారి మిల్లు నుంచి బస్తా జొన్నలు వచ్చాయి. ఎలీషబా బస్తాను గుమ్మం బయటే ఉంచి రెండు రోజులు చూసింది. మూడో రోజు లోపలికి లాక్కుని వండింది.

తొలకరి పడిన వారంలో, ఒక మధ్యాహ్నం, గుడిసె ముందు కూర్చుని జనుముతో పగ్గం పేనుతూ పేనుతూ విశ్వాసం పోయాడు. ఎలీషబా లోపల నుంచి ఏదో అడిగి, జవాబు రాకపోతే బయటికి వచ్చింది. పేనిన తాడు అతని మోకాళ్ల మధ్య నుంచి జారి, సగం తడిసి ఉంది. పల్లెలో వాళ్లే మోసుకుపోయి, పాస్టరు గారు వాక్యం చదివాక, వాన తెరిపిచ్చినప్పుడు పూడ్చారు. హనుమంతరావు దూరంగా గొడుగు పట్టుకుని నిలబడి, మట్టి వేయకుండానే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఏబేలు కొట్టంలోకి పోయి, బావ వస్తువులు తీసి మూటగట్టాడు. ఒక గొంగడి, ఒక సత్తు గిన్నె, అంతే. తొట్టి పక్కన ఒక నల్ల పలకరాయి ఉంది. ఏనాడో మార్కాపురం గనుల నుంచి వచ్చే బండి మీద వేయించుకుని తెచ్చుకుని, రాత్రులు కూర్చోవడానికి విశ్వాసం అక్కడ వేసుకున్నాడు. అది ఒక్కడు ఎత్తేది కాదు. ఏబేలు దాని మీద కూర్చోబోయి, కూర్చోలేక, పక్కన నేల మీద చతికిలబడ్డాడు. బూడిద గిత్త పగ్గం సాగినంత మేర మెడ చాచి, ఆ రాతి మీదికి నాలుక చాపింది. ఎన్నో ఏళ్ల చెమట ఉప్పు ఉంటుంది దాని మీద. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా నాకింది. తడిసిన రాయి మధ్యలో, ఒక మనిషి కూర్చున్నంత మేర, నున్నగా మెరుస్తోంది.